సన్‌రూఫ్ ఏడ్చే మలుపు

ఆ మలుపుకి మంచిపేరు ఏనాడూ లేదు.

మూతపడ్డ సినిమా హాలు పక్కన, రోడ్డు ఉన్నట్టుండి ఓ వైపుకి ఒరిగి తిరిగే చోటు అది. పోస్టర్లు ఉండాల్సిన గోడ మీద ఇప్పుడు జిగురు మరకలే మిగిలాయి. టికెట్ల కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టేశారు. పగలు చూస్తే పాత గోడౌనులా ఉంటుంది. రాత్రి చూస్తే... రాత్రి ఎవరూ చూడరు. చూపు రోడ్డు మీదే పెట్టుకుని దాటేస్తారు.

ఆ హాల్లో ఒకప్పుడు ఒకావిడ పనిచేసేదట. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళకి టార్చి వేసి సీటు చూపించడం ఆవిడ పని. అందరూ టార్చి అక్క అనేవాళ్ళు. చీకట్లో మెట్ల దగ్గర ఎవరైనా తూలితే వెనకనుంచి నడుం పట్టి ఆపేది. సీట్లో కూర్చోబెట్టాక కుర్చీ వీపు మీద టార్చితో రెండుసార్లు తట్టేది. టక్... టక్. ఇక హాయిగా బొమ్మ చూసుకో అని.

హాలు మూసేసిన ఏడాదే ఆవిడా పోయింది.

పోయిందని అందరూ ఒప్పుకోరు. ఇంకా అక్కడే ఉందనీ, సీటు చూపించడానికి మనుషులు దొరక్క, పొద్దుపోయాక ఆ దారిన వెళ్ళే బళ్ళమీద ఎక్కి కూర్చుంటుందనీ జనం మాట. "ఎక్కితే ఎక్కనీ, కిరాయి ఎగ్గొట్టేవాళ్ళని చాలామందిని చూశాం" అని నవ్వేవాళ్ళు కూడా ఆ మలుపు రాగానే నవ్వు మింగేసి వేగం పెంచేవాళ్ళు.

వేగం పెంచని మనిషి ఒక్కతే. పేరు అడక్కండి, అందరూ ఆ అమ్మాయిని మీటరు అనే పిలుస్తారు. ఏదడిగినా అంకెల్లో చెబుతుంది మరి. "ఆకలేస్తోందా?" అంటే "డెబ్బై శాతం" అంటుంది. "మీ అక్క కోపం తగ్గిందా?" అంటే "సగానికి సగం" అంటుంది.

మేనమామ వాడి వాడి పక్కన పెట్టిన కారుని బతిమాలి తీసుకుని, రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సులని హాస్పిటల్లో దింపే పని పెట్టుకుంది మీటరు. తనంతట తాను మొదలుపెట్టిన మొట్టమొదటి పని. ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. అందులోనూ బావకి — అంటే అక్క మొగుడికి — అసలు లేదు. ఆయనకో వ్యాను ఉంది. అదే రూటు మీద కన్ను కూడా ఉంది.

"మరదలా, కారు కప్పుకి కిటికీ ఎందుకే?" అనేవాడు సన్‌రూఫ్ చూసినప్పుడల్లా. "ఆకాశం చూడాలంటే డాబా ఎక్కితే పోలా?"

"నీ వ్యానుకీ ఉంది బావా కిటికీ. తుప్పు పట్టి అడుగున పడింది కదా, చిల్లు."

ఇలా సాగుతుండగా ఒక రాత్రి... ఆ మలుపులో కారు ఒరగ్గానే... సరిగ్గా నెత్తిమీద —

కీ... ఈ... హుఁ.

కారులో ఉన్నది మీటరు కాక ముగ్గురు. పెద్ద సిస్టర్, వార్డు మొత్తాన్ని కళ్ళతోనే నడిపించే మనిషి. పత్తి, కొత్తగా చేరిన నర్సు. దేనికైనా ముందు పత్తి తీస్తుంది కాబట్టి ఆ పేరు. ముందు సీట్లో నిద్రమ్మ. ఆవిడ సంగతి పేరే చెబుతుంది.

"ఎవరో ఏడుస్తున్నారు," అంది పత్తి గుసగుసగా.

"ఎవరూ?"

"పైన."

నలుగురూ కప్పు వైపు చూశారు. నలుగురూ అంటే ముగ్గురు. నిద్రమ్మ గురక పెడుతోంది.

మర్నాడు రాత్రీ అంతే. ఆ మర్నాడూ అంతే. మలుపు దాకా కారు నోరు మెదపదు. మలుపు దాటాక మెదపదు. ఒరిగే ఆ కాసేపు మాత్రం పైనుంచి గొంతు పూడుకుపోయినట్టు ఏడుపు.

ఇదంతా నవ్వులాటగానే పోయేది కానీ, ఆ వారం వార్డులో పత్తి చేతులు వణికి ఒక ముసలాయనకి సూది వెయ్యలేకపోయింది. నరం దొరక్క మూడుసార్లు గుచ్చింది. "పర్లేదమ్మా, ఇంకోటి గుచ్చు, రెండో చెయ్యి కూడా ఉంది" అన్నాడట పాపం ఆయన.

పెద్ద సిస్టర్ కారు దిగుతూ మీటరు భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు దెయ్యాల మీద నమ్మకం లేదమ్మాయ్. కానీ వణికే చేతుల మీద ఉంది. ఆదివారం దాకా చూస్తాం. ఈ ఏడుపు ఆగకపోతే సోమవారం నుంచి మీ బావ వ్యాను."

మీటరు గుండె ఒక్కసారి జారింది. వంద శాతం.

*

"ఆదివారం దాకా అంటే ఇంకా నాలుగు రాత్రులున్నాయి," అంది మీటరు తేరుకుని. "పెద్దక్కా, మీరు రోగిని ఎలా చూస్తారో అలా చూద్దాం దీన్ని."

పెద్ద సిస్టర్ కళ్ళు మెరిశాయి. హాస్పిటల్ గేటు పక్కన కారు ఆపించి, సీటు మీద మోకాళ్ళేసి, మెడలో స్టెతస్కోపు తీసి కప్పుకి ఆనించింది.

"ఎన్నాళ్ళుగా?"

"వారం."

"ఏం చేస్తే ఎక్కువవుతుంది?"

"వేగం ముప్పై దాటితే మొదలు. నలభై ఐదు దాటితే ఆగిపోతుంది. అదీ ఆ మలుపులోనే."

"అంటే ఒళ్ళు మెలిపడ్డప్పుడు మాత్రమే నొప్పి." పెద్ద సిస్టర్ సన్‌రూఫ్ తెరిపించి, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని వేలితో రాసింది. వేలు కీచుమంది. "ఇదిగో. రోడ్డు ఒరిగితే కారు ఒళ్ళు మెలిపడుతుంది, అద్దం రబ్బరు మీద రాసుకుంటుంది. రబ్బరు ఎండిపోయింది. చర్మం పొడిబారిందంతే."

"మందు?" అంది పత్తి, అప్పటికే పత్తి తీసి.

ముగ్గురు నర్సులున్న చోట పొడిబారిన చర్మానికి మందు వెతకాలా? పెట్రోలియం జెల్లీ డబ్బా వచ్చింది. పత్తి ఉండ చేసి, చంటిబిడ్డకి నలుగు పెట్టినంత ప్రేమగా పట్టీ పొడుగునా పట్టించారు. కాస్త మిగిలితే పాపం అని రెండో పూత కూడా వేశారు.

మర్నాడు రాత్రి మలుపు రానే వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు. కారు ఒరిగింది.

ఏడుపు లేదు.

ఏడుపు స్థానంలో —

కిహ్... కిహ్... కిహ్.

"నవ్వుతోంది," అంది పత్తి, గొంతు పీలగా. "మనం చేసిన వైద్యానికి నవ్వుతోంది."

*

"రబ్బరుకి జెల్లీ రాసిన మహానుభావులెవరమ్మా?" అన్నాడు మెకానిక్, అద్దం అంచుని వేలితో మీటుతూ.

"ముగ్గురు నర్సులు, బాబాయ్."

"మనుషుల విషయంలో ఇంకా మెరుగ్గానే చేస్తారు కదా?" ఆయన ఉబ్బిన పట్టీని చూపించాడు. "జెల్లీ తాగి బూరెలా ఉబ్బింది. ముందు ఏడ్చేది, ఇప్పుడు ఇరుక్కుని కిసకిసలాడుతోంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడదాం. సిలికాన్ గ్రీజు రాద్దాం, పలచగా. పూత అంటే పూత, నలుగు కాదు."

అంతటితో ఆగలేదు మీటరు. అద్దం మూసేటప్పుడు మధ్యలో కాగితం ముక్క పెట్టి లాగి చూసింది. కాగితం బిగుసుకుంటే అంచు సరిగ్గా మూసుకున్నట్టు. జారి వచ్చేస్తే వదులున్నట్టు. చుట్టూ జరుపుకుంటూ లాగింది. ఎడమవైపు వెనకమూల తప్ప అంతా బిగువే. ఆ మూల కూడా మెకానిక్ మర తిప్పి సరిచేశాడు.

శనివారం రాత్రి. మలుపు. ముప్పై రెండు మీద కారు.

ఏడుపు లేదు. నవ్వు లేదు.

పెద్ద సిస్టర్ వెనక్కి వాలింది. మీటరు పెదవుల మీదికి నవ్వు వచ్చింది. పత్తి దేవుణ్ణి తలుచుకోబోయింది.

టక్... టక్.

సరిగ్గా నెత్తిమీద.

"కూర్చోమంటోంది," అంది పత్తి, ఊపిరాడనట్టు.

"మనం కూర్చునే ఉన్నాం కదే?" అంది పెద్ద సిస్టర్. కానీ ఆవిడ గొంతు కూడా ఒక మెట్టు తగ్గింది.

*

ఆదివారం వచ్చింది. ఆఖరి రాత్రి.

సాయంత్రం బావ ఫోన్ చేసి, "మరదలా, రేపట్నించి కాస్త పెందలాడే పడుకోవచ్చు నువ్వు" అన్నాడు. మీటరు ఫోన్ పెట్టేసి, పగలంతా చేసిన పనే మళ్ళీ చేసింది. కారుని ఊపింది, కప్పుని గుద్దింది, అద్దాన్ని పదిసార్లు తెరిచి మూసింది. టక్ అనదు. నిలబెట్టిన కారు అమాయకంగా చూస్తుంది. పోనీ పగలే ఆ మలుపుకి తీసుకెళ్దామంటే, లారీలూ సైకిళ్ళూ కిక్కిరిసి పది దాటి వేగమే అందదు.

"లోపల్నుంచి కనబడటం లేదు పెద్దక్కా," అంది రాత్రి నర్సులు ఎక్కాక. "కారు పరిగెడుతుండగా, అదీ ఆ మలుపులో, పైనుంచి చూడాలి."

పెద్ద సిస్టర్ వంగి చెప్పులు విప్పింది.

"పడితే?" అంది పత్తి, కళ్ళు పెద్దవి చేసి.

"పడితే కట్టు కట్టడానికి ఇద్దరు నర్సులున్నారు. అద్దం తియ్యమ్మాయ్."

సన్‌రూఫ్ తెరుచుకుంది. ఒక మనిషి భుజాలు పట్టేంత సందు, అంతే. తెల్ల యూనిఫాంలో పెద్ద సిస్టర్ అందులోంచి నడుం దాకా పైకి లేచింది. చెవుల్లో స్టెతస్కోపు, చేతిలో కట్లు కట్టే గాజుగుడ్డ చుట్ట. పత్తి వెనకసీట్లో వంగి ఆవిడ కాళ్ళని రెండు చేతులతో కావిలించుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. మీటరు డాష్‌బోర్డులోంచి టార్చి తీసి పక్కనున్న నిద్రమ్మ ఒళ్ళో పెట్టి, "పైకి అందించండి" అంది.

"ఊఁ," అంది నిద్రమ్మ.

అది ఎలాంటి ఊఁ అనేది అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఇరవై... ఇరవై ఎనిమిది... ముప్పై రెండు. సినిమా హాలు గోడ దగ్గరపడింది. గాలి కారులోకి గిర్రున తిరుగుతోంది. మీటరు కన్ను ఒకటి వేగం చూపే ముల్లు మీద, ఒకటి రోడ్డు మీద. కారు ఒరగడం మొదలైంది.

టక్.

"వెనకమూల..." పైనుంచి పెద్ద సిస్టర్ గొంతు. "ఎడమవైపు... టార్చి ఇటు." కాసేపాగి, "ఆఁ. అలాగే. కదపకు."

టక్.

అప్పుడే చక్రం గుంటలో పడింది. కారు ఎగిరింది. మీటరు గుండె కూడా. పైన "అమ్మో" అన్న కేక సగంలో తెగిపోయింది. మీటరు కాలు బ్రేకు మీదికి వెళ్ళింది...

"ఏం కాలేదు, పట్టుకుంది. పోనీ, ఆపకు," అంది పైనుంచి పెద్ద సిస్టర్, ఏమీ జరగనట్టు.

"పట్టుకునే ఉన్నానండీ," అంది కింద పత్తి, కళ్ళు తెరవకుండానే.

"దొరికాడు దొంగ. అద్దం జారే గాడి చివర ప్లాస్టిక్ క్లిప్పు. విరిగి లోపల ఊగులాడుతున్నాడు. ఉండు, గుడ్డ కుక్కుతాను..."

గుడ్డ కుక్కింది. చుట్ట మాత్రం చేతిలోంచి జారింది. జారి, విప్పుకుని, ఒక కొస గాడిలోనే చిక్కుకుని, కారు వెనకాల తెల్లగా, పొడుగ్గా, రెపరెపలాడుతూ ఎగరసాగింది. ఎదురుగా ఏదో బండి లైట్లు కనబడ్డాయి. ఆ లైట్లు దగ్గరికొచ్చాయి. ఆగాయి. ఆరిపోయాయి. తర్వాత ఆ బండి చీకట్లోనే, వచ్చినదానికంటే వేగంగా వెనక్కి వెళ్ళిపోయింది.

"దారి తప్పినట్టున్నాడు," అంది మీటరు.

కారు తిప్పి మళ్ళీ అదే మలుపు. నిశ్శబ్దం. మళ్ళీ. నిశ్శబ్దం. పెద్ద సిస్టర్ కిందికి దిగి, జుట్టంతా రేగిపోయి, చంటిపిల్లలా పకపకా నవ్వింది. పత్తి నవ్వింది. మీటరు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల పెట్టేసింది. హాస్పిటల్ దాకా నవ్వుతూనే ఉన్నారు. నిద్రమ్మ మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, "వచ్చేశామా?" అని మళ్ళీ మూసుకుంది.

*

సోమవారం మధ్యాహ్నం మెకానిక్ గాజుగుడ్డ పీకేసి కొత్త క్లిప్పు బిగించాడు. సాయంత్రం నర్సుల హాస్టల్ గేటు ముందు మీటరు కారు ఆపి ఉంది. పక్కనే బావ వ్యాను వచ్చి ఆగింది. రూటు నాదే అనడానికి వచ్చాడనుకుంది మీటరు.

బావ దిగాడు. మెడకి మఫ్లరు, ముఖం పీక్కుపోయి ఉంది.

"సిస్టరమ్మా, జ్వరానికేమైనా మాత్ర ఉందా?" అన్నాడు నీరసంగా. "ఆ రూటు మాత్రం నాకొద్దు. మరదల్నే ఉంచుకోమనండి."

"ఏమైంది బావా?"

"రేపట్నించి మనదే కదా, ఒకసారి దారి చూసుకుందామని రాత్రి ఆ మలుపు దాకా వెళ్ళాను." బావ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కనబడింది."

"ఏంటి?" అంది పెద్ద సిస్టర్, పెదవి బిగబట్టి.

"తెల్లబట్టల్లో ఒక ఆడమనిషి. నడుం పైనుంచే ఉంది, కింద ఏమీ లేదు. ఏదో కారు కప్పులోంచి మొలిచింది. చెవుల్లోంచి రెండు నల్లపాములు వేలాడుతున్నాయి. వెనకాల తోక... తెల్లటి తోక... పది బారలుంటుంది."

పత్తి నవ్వు బయటికి రాకుండా నోట్లో పత్తి కుక్కుకుంది. మీటరు కారు వైపు తిరిగి నిలబడింది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అంతమాత్రానికే భయపడ్డావా బావా, దెయ్యాలకే నువ్వంటే భయమని చెప్పేవాడివిగా?"

"అబ్బే, ఆవిడకైతే నేను భయపడేవాణ్ణి కాదే." బావ మఫ్లరు బిగించుకున్నాడు. "ఆవిడ వెనకాల కూర్చున్నావిడని చూశాకే... లైట్లు ఆర్పేశాను."

మీటరు భుజాలు ఆగిపోయాయి.

"వెనకాలా?"

"కారు కప్పు మీద. కాళ్ళు చాపుకుని, ఇంటి ముందు అరుగు మీద కూర్చున్నట్టు. ఒక చేత్తో ఆ తెల్లబట్టలావిడ పడిపోకుండా నడుం పట్టుకుంది. రెండో చేతిలో టార్చి."

పత్తి నోట్లోంచి పత్తి తీసేసింది.

"పత్తీ," అంది పెద్ద సిస్టర్ మెల్లగా. "రాత్రి గుంటలో పడ్డప్పుడు నా నడుం పట్టుకున్నది నువ్వే కదూ?"

"నడుం కారుకి పైనుంది కదండీ, నాకెలా అందుతుంది? నేను కాళ్ళు పట్టుకున్నాను. రెండు చేతులతో."

"మరి టార్చి?"

అందరూ నిద్రమ్మ వైపు తిరిగారు. ఆవిడ సంచీలో చెయ్యి పెట్టి టార్చి తీసి ఇచ్చింది. "అందించమన్నావు కదూ... కునుకు పట్టేసిందమ్మాయ్. హాస్పిటల్లో చూస్తే నా ఒళ్ళోనే ఉంది."

మీటరు మీట నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది.

"వెలగదే అది," అన్నాడు బావ. "అందులో బ్యాటరీలు మొన్న నేనే తీశాను, మీ ఇంటి గోడగడియారానికి. నీకు చెప్పలేదూ?"

గేటు దగ్గర దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి.

పెద్ద సిస్టర్ తన నడుం మీద చెయ్యి వేసుకుని, ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నిలబడింది. తర్వాత చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత మామూలుగా యూనిఫాం సర్దుకుంది.

"డ్యూటీకి టైమవుతోంది. ఎక్కండి."

"దేంట్లో?" అంది మీటరు.

"పడకుండా పట్టుకునేవాళ్ళున్న బండిలో."

ఆ రాత్రి మలుపులో మీటరు వేగం పెంచలేదు. ముప్పై రెండు మీదే పోనిచ్చింది. కారు ఒరిగింది. రబ్బరు ఏడవలేదు. అద్దం నవ్వలేదు. కొత్త క్లిప్పు కిక్కురుమనలేదు. పత్తి తన చేతులు ముందుకు చాపి చూసుకుంది — వణకడం లేదు.

అప్పుడు పైనుంచి, చాలా మెల్లగా —

టక్... టక్.

పెద్ద సిస్టర్ సీట్లోకి వెనక్కి వాలి, సర్దుకుని కూర్చుంది.

"కూర్చున్నాం అక్కా," అంది.

ఆ చప్పుడు బాగుచేయించమని ఇంతవరకూ ఎవరూ మీటరుని అడగలేదు.